దాదీ పేటియా, మొహెంజొదారో పిల్ల గాజులు

  పోస్టు పెద్దది. బస్సులో ఉంటే సేవ్ చేసుకుని రాత్రి తీరిగ్గా చదవండి.

పోయిన వారం గ్రూపులో ఒక ఫోటో తిరిగింది, మీరంతా చూసే ఉంటారు. ఎడమ పక్క మొహెంజొదారో కంచు బొమ్మ. కుడి పక్క ఏదో తాండాలో మోచేతి పైదాకా గాజులు వేసుకున్న ముసలమ్మ. కింద "ఈమె మన గోర్ ఆడబిడ్డే, షేర్ చేయకపోతే నువ్వు బంజారావే కాదు" అని రాసి ఉంది. కామెంట్లలో ఒకరు జై అన్నారు, ఒకరు రుజువేది అన్నారు, ఇంకొకరు తిట్టుకున్నారు. నేను మూడుసార్లు కామెంట్ టైప్ చేసి మూడుసార్లు తుడిపేశాను. ఎందుకంటే ఆ బొమ్మ మనదేనని నమ్మాలని నాకూ ఆశే. కానీ దాని గురించి మాట్లాడే ముందు నేను ఒప్పుకోవాల్సిన పని ఒకటుంది. అది చెప్పకుండా కళ గురించి, చరిత్ర గురించి మాట్లాడితే అబద్ధం అవుతుంది.

మాది తనకల్లు మండలంలో ఒక చిన్న తాండా. కదిరి నుంచి మదనపల్లె పోయే రోడ్డు దిగి లోపలికి నడవాలి. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గానీ వాన మారలేదు. శనక్కాయ వేస్తాం, మొగులు చూస్తాం, బోరు వేస్తాం, అప్పు చేస్తాం, బెంగుళూరు పోతాం. మా ఇంట్లో అందరి బతుకూ ఈ ఒక్క వాక్యంలో పడుతుంది.

మా దాదీ, అంటే నాయన తల్లి, మాత్రం ఈ వాక్యంలో పట్టదు. ఆమె పెళ్ళికి కుట్టుకున్న పేటియా ఒకటి ఉండేది. ఎర్ర గుడ్డ మీద నల్ల, పసుపు, తెల్ల దారాలు, అరచేతి మధ్యలో పట్టేంత అద్దాలు, నడుము పట్టీ పొడవునా గవ్వలు. అంచుకు ఎప్పటివో పాత పైసలు. ఆమె నడిచొస్తుంటే మనిషి కంటే ముందు చప్పుడు వచ్చేది. చేతుల మీద, గదవ మీద పచ్చబొట్లు. ఊరూరా తిరిగే ఎరుకల అవ్వ పొడిచిందట, కూలిగా రెండు మానికల జొన్నలు తీసుకుందట.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా హాస్టల్‌కి నన్ను చూడ్డానికి వచ్చింది. కొంగులో వేయించిన శనక్కాయలు, బెల్లం. గేటు దగ్గర ఆమె అడుగు పెట్టగానే ఆ గవ్వల చప్పుడుకు పిల్లోళ్ళంతా కిటికీల దగ్గర చేరారు. ఒకడు "సర్కస్ వచ్చింది రా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా నోట్లో ఉంది. ఆమెను చెట్టు కిందికి తీసుకుపోయి, "దాదీ, ఈసారి వచ్చేటప్పుడు చీర కట్టుకుని రా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. మళ్ళీ నెల చీరతో వచ్చింది. ఎవరిదో అడిగి తెచ్చుకుంది. ఎన్నడూ కట్టని మనిషి, కుచ్చెళ్ళు కాళ్ళకు అడ్డం పడుతుంటే రెండు చేతులతో ఎత్తిపట్టుకుని నడిచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎవరూ చూడనుకూడా లేదు. అదే కదా నేను కోరుకుంది.

ఆ తర్వాత పేటియా ట్రంకుపెట్టెలోకి పోయింది. 2016 ఎండాకాలం దాకా అక్కడే ఉంది.

ఆ ఏడు నా డిగ్రీ అయిపోయింది. గ్రూప్-2 కోచింగ్‌కి అనంతపురం పోవాలి. రూము అడ్వాన్సుకు డబ్బు తక్కువైంది. అప్పుడే బైకు మీద ఒకాయన తాండాలు తిరుగుతూ పాత పేటియాలు, కాంచళ్ళు, గవ్వల సంచులు కొంటున్నాడు. నేనే పెట్టె తీశాను. యాడీ, అంటే అమ్మ, పొయ్యి దగ్గర నుంచి చూసి తల తిప్పుకుంది. దాదీని అడిగితే, "నేనేం కట్టుకుంటానా నాయనా, నీ చదువుకి అవసరమైతే ఇచ్చేయి" అంది. ఆయన గుడ్డ తిరగేసి, అద్దాలు లెక్కపెట్టి, రెండు అద్దాలు పగిలాయని బేరమాడి 1,800 రూపాయలు ఇచ్చాడు. అడ్వాన్సు కట్టాను.

తర్వాత యాడీ చెప్పింది, దాదీ చాలా రోజులు పెట్టె తెరిచి లోపల చెయ్యి పెట్టి ఊరికే తడుముకునేదట.

ఇక కోచింగ్ సంగతి. చరిత్ర సారు మొదటి వారంలోనే "కళల ఆవిర్భావం" మొదలుపెట్టారు. అందరం బిట్లు రాసుకున్నాం. భీంబెట్కా, మధ్యప్రదేశ్, వాకంకర్, 1957. యునెస్కో గుర్తింపు 2003. అల్టామిరా, స్పెయిన్, 1879. లాస్కో, ఫ్రాన్స్, 1940. నాకు మార్కులు కావాలి, అంతే. కానీ సారు ఒకరోజు సిలబస్ పక్కన పెట్టి అల్టామిరా కథ చెప్పారు. అక్కడ నా పెన్ను ఆగిపోయింది.

సాటువోలా అనే ఆయన తన పొలాల దగ్గరి గుహలో రాతి పనిముట్ల కోసం వెతుకుతుంటే, వెంట వచ్చిన ఎనిమిదేళ్ళ కూతురు మారియా తలెత్తి పైకప్పు మీద అడవి దున్నల బొమ్మలు చూసింది. ఆయన పుస్తకం అచ్చు వేసి ఇవి రాతియుగం వాళ్ళవి అంటే పెద్ద పెద్ద పండితులు నమ్మలేదు. ఇంత బాగా గీయడం ఆ అడవి మనుషుల వల్ల కాదన్నారు. ఈమధ్యే ఎవరితోనో గీయించారని అనుమానించారు. 1888లో ఆయన ఆ మాట మోస్తూనే చనిపోయాడు. 1902లో, అప్పటిదాకా కాదన్న కార్తయాక్ అనే ఫ్రెంచి పండితుడే నేను పొరబడ్డానని అచ్చులో ఒప్పుకున్నాడు.

దున్న బొమ్మలో లోపం లేదు. చూసేవాళ్ళ బుర్రలో "వీళ్ళకి ఇంత చేతకాదు" అనేది ముందే కూర్చుని ఉంది. 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చి పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాలను, తెగలను రాసిపెట్టారు. మనవాళ్ళనూ కొన్ని చోట్ల ఆ జాబితాలో ఎక్కించారు. ఆ చట్టం పోయింది 1952లో. గుహ పైకప్పు చూసి నమ్మని కళ్ళు, మన ముఖం చూసి రాసుకున్న కళ్ళు ఒకటే రకం. సరే, వాళ్ళు పరాయివాళ్ళు. హాస్టల్ కిటికీ దగ్గర నవ్విన నా కళ్ళు ఏ రకం? ఆ రోజు క్లాసులో నాకు వచ్చిన ప్రశ్న ఇదే. ఏ పేపర్లోనూ రాలేదు.

అప్పటినుంచి మార్కులకు అవసరం లేనివి కూడా చదవడం మొదలైంది. నాకు అర్థమైనంత వరకు చెప్తాను.

మనిషి బొమ్మ గీయకముందు పూస గుచ్చుకున్నాడు. దక్షిణాఫ్రికాలో బ్లాంబోస్ అనే గుహలో దొరికిన చిన్న నత్తగుల్లలకు చిల్లులున్నాయి. సుమారు 75 వేల ఏళ్ళ కిందటివి. దారం రాసుకుని అరిగిన గుర్తులు కూడా ఉన్నాయి. అదే గుహలో జేగురు రాయి ముక్క మీద అడ్డంగా, నిలువుగా గీతలు గీసి పెట్టారు. ఇండోనేషియా సులవేసి దీవిలో ఒక గుహ గోడ మీది అడవిపంది, మనుషుల బొమ్మ 51 వేల ఏళ్ళ పైబడినదని 2024లో లెక్క తేల్చారు. బొమ్మలు గీయడం యూరప్‌లో పుట్టింది అని మనం చదువుకున్న పాత పాఠం దానితో పోయింది.

మరి మన దగ్గర? ఎక్కడో వెతకనక్కరలేదు. నంద్యాల జిల్లాలో బనగానపల్లె వైపు జ్వాలాపురం ఉంది. 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద ఎగిరొచ్చి అక్కడ పొరగా పడింది. ఆ బూడిదను ఊరివాళ్ళు తవ్వి అమ్ముకునేవాళ్ళు. అక్కడే ఒక రాతి చరియ కింద 35 వేల ఏళ్ళ నుంచి మనుషులున్న ఆనవాళ్ళు దొరికాయి. చిన్న చిన్న రాతి పలుకులతో పాటు పూసలు కూడా. మన రాయలసీమలో, ఈ ఎండలో, వేటాడి తిని బతికే మనిషి కూర్చుని రాయిని, ఎముకను చిల్లి పొడిచి పూస చేసుకున్నాడు. కడుపు నిండాక కళ పుట్టిందంటారు కదా. నాకైతే ఆ మాట మీద నమ్మకం పోయింది. మా తాండాలో కడుపు ఏనాడు నిండింది? పేటియాలు అయినా కుట్టారు.

కడప జిల్లాలో ముద్దనూరు దగ్గర చింతకుంట ఉంది. గుండ్ల కింద ఎర్ర రంగుతో, తెల్ల రంగుతో జింకలు, మూపురం ఎద్దులు, మనుషులు. కర్నూలు పక్క కేతవరంలోనూ ఉన్నాయి. ఎరుపుకు జేగురు, అంటే ఇనుము ఉన్న ఎర్ర రాయి. ఇప్పుడు మీ ఇంటి గోడ గుర్తు చేసుకోండి. పండగకు మనవాళ్ళు కింద జాజు పూసి పైన సున్నంతో చుక్కలు, గీతలు వేస్తారు కదా. ఎరుపు, తెలుపు. అవే రెండు రంగులు. చింతకుంట గీసినవాళ్ళు మా తాతలని నేను చెప్పడంలేదు. ఈ నేలలో దొరికే రంగు ఇది. ఈ నేల మీద ఎవరు బతికినా చెయ్యి దానిమీదికే పోతుంది. నాకు అంత చాలు.

తర్వాత పశువుల కాలం. కళ్యాణదుర్గం వైపు పాలవాయిలో, పాలమూరు పక్క ఉట్నూరులో, బళ్ళారి చుట్టూ బూడిద దిబ్బలున్నాయి. ఊరి జనం రాక్షసుల బూడిద అనుకునేవాళ్ళు. 1957లో ఆల్చిన్ అనే ఆయన ఉట్నూరు తవ్వి అది ఆవుపేడ కుప్పలు కాల్చిన బూడిదని తేల్చాడు. నాలుగు, ఐదు వేల ఏళ్ళ కిందట పశువుల దొడ్లు అవి. గిట్టల గుర్తులు కూడా కనపడ్డాయి. ఆ పశువుల వాళ్ళే బళ్ళారి పక్కన కుప్పగల్లు కొండమీద నల్ల రాళ్ళను రాతితో కొట్టి కొట్టి ఎద్దుల బొమ్మలు చెక్కారు. 1892లోనే వాటి గురించి ఫాసెట్ అనే ఆయన రాశాడు. తర్వాత లోకం మరిచిపోయింది. ఈ శతాబ్దం మొదట్లో మళ్ళీ పరిశోధకులు వచ్చి లెక్క తీశారు.

2023 సంక్రాంతి సెలవుల్లో నేను, నా హాస్టల్ ఫ్రెండు అనంతపురం, ఉరవకొండ మీదుగా బళ్ళారి పోయి ఆ కొండ ఎక్కాం. పొడుగు కొమ్ములు, ఎత్తు మూపురాలు. ఒక బండకు గుంటలున్నాయి. అక్కడ ఇంకో రాయితో కొడితే గంట మోగినట్టు మోగుతుంది. అది ఊరికే అరిగిన గుంట కాదు, ఎన్ని తరాల వాళ్ళో కొట్టి కొట్టి పడిన గుంట. అంటే వాళ్ళకి బొమ్మ, పాట వేరువేరు కాదు. చెక్కేటప్పుడే మోగుతుంది. నాకు గవ్వల చప్పుడు గుర్తొచ్చింది. మా దాదీ పేటియా కూడా చూడ్డానికి మాత్రమే కాదు, వినడానికి కూడా. పుస్తకంలో ఫోటో వేస్తే సగం పోతుంది.

అక్కడ ఇంకో మాట. మనం కూడా ఎద్దుల జనమే. రైళ్ళు, లారీలు రాకముందు ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని దేశమంతా తిరిగింది మన తాతలు. సేవాలాల్ మహారాజ్ పుట్టింది మన గుత్తి దగ్గరే అని నమ్ముతాం కదా, ఆయన కథంతా పశువుల చుట్టూనే. అందుకని ఆ కొండమీద నిలబడితే "ఇవి మనవే" అని గట్టిగా అరవాలనిపించింది. అరవలేదు. మన గోర్ బోలీ రాజస్థానీ మాటలకు చుట్టం. మనవాళ్ళు దక్కనుకు పెద్ద గుంపులుగా దిగింది 17వ శతాబ్దంలో, మొగలుల సైన్యాలకు ధాన్యం మోస్తూ. ఆ ఎద్దులు చెక్కి అప్పటికే మూడు వేల ఏళ్ళు దాటింది. నాది కాని దాన్ని నాదంటే, రేపు నాదైన దాన్ని నాదన్నప్పుడు ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు ఆ కంచు బొమ్మ దగ్గరికి వస్తాను.

1926లో మొహెంజొదారోలో దొరికింది. ఎత్తు 10.5 సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. ఇప్పుడు ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ఉంది. వయసు సుమారు 4,500 ఏళ్ళు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కాల్చి మైనం కరిగిపోయాక ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. కుడి చెయ్యి నడుము మీద. ఎడమ చేతికి మణికట్టు నుంచి భుజం దాకా పాతిక దాకా గాజులు. కుడి చేతికి నాలుగే. గదవ పైకెత్తి ఎవరినీ లెక్కచేయనట్టు నిలబడింది. మా దాదీ కోపం వచ్చినప్పుడు సరిగ్గా ఇట్లే నిలబడేది, అది మాత్రం ఒట్టు.

ఆమె పేరు ఏమని రాసుకున్నాం? నాట్యకత్తె. ఎవరు పెట్టారు? తవ్వినవాళ్ళు. ఆమె నాట్యం చేసేదని రుజువేమీ లేదు. ఆ కాలపు లిపి ఇప్పటికీ ఎవరూ చదవలేదు. ఒంటిమీద బట్టలేని, గాజులున్న నల్ల పిల్ల కనపడితే ఆడి పాడేదే అయి ఉంటుందనుకున్నారు. మనల్ని లంబాడీ అని, సుగాలి అని ఎవరు పిలిచారు? మనం ఇంట్లో గోర్ అని కదా అనుకుంటాం. బయటివాళ్ళు పెట్టిన పేరుతో సర్టిఫికెట్ తీసుకుని బతకడం ఆమెకూ మనకూ కామన్. నాకు ఆమె చుట్టం అనిపించేది అక్కడ, గాజుల దగ్గర కంటే ఎక్కువగా.

మరి ఆమె మన ఆడబిడ్డేనా? నా జవాబు ఇది. మధ్యలో నాలుగు వేల ఏళ్ళ ఖాళీ ఉంది. భుజం దాకా గాజులు రాజస్థాన్, గుజరాత్‌లలో ఇంకా చాలా కులాల ఆడవాళ్ళు వేసుకుంటారు. గాజులు చూసి మనకు మాత్రమే పట్టా రాసిచ్చే వీలు లేదు. కానీ 2019లో హర్యానాలోని రాఖీగఢీలో దొరికిన ఒక హరప్పా కాలపు ఆడమనిషి ఎముకల నుంచి డీఎన్ఏ తీసి చదివారు. ఆ జనం రక్తం ఈనాటి దక్షిణాసియా వాళ్ళలో చాలామందిలో కలిసి ఉందని తేలింది. అంటే ఆమె మనకు ఏమీ కాదని ఎవరూ అనలేరు. మనకొక్కరికే సొంతమని మనమూ అనలేం. నా మాట నచ్చకపోతే తిట్టండి, కానీ "షేర్ చేయకపోతే బంజారావే కాదు" అనే మాట మాత్రం వద్దు. చిన్నప్పుడు పచ్చబొట్టు లేకపోతే, చీర కట్టకపోతే, తెలుగు సరిగ్గా రాకపోతే మనిషివే కాదన్నవాళ్ళ మాట కూడా ఇదే అచ్చులోది.

హరప్పా వాళ్ళ ఇంకో పని చూడండి. ఎర్ర కెంపురాయి లాంటి రాతితో పొడవాటి పూసలు చేసేవాళ్ళు. అవి ఓడలెక్కి ఇరాక్‌లోని ఊర్ నగరంలో రాజకుటుంబాల సమాధుల దాకా పోయాయి. చేసినవాడి పేరు మనకు తెలియదు. వేసుకున్న రాణి పేరు తెలుసు. పువాబి. ఎప్పుడూ ఇంతే. అక్కడి నుంచి కళ మీద రాజుల ముద్ర మొదలైంది. సుమేరులో గుడి, ఈజిప్టులో సమాధి, మన దగ్గర స్తంభం, స్తూపం.

అమరావతి స్తూపం సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. 18వ శతాబ్దం చివర ఇంగ్లీషువాళ్ళు ఆ దిబ్బను చూసేసరికే రాళ్ళు పీకి కట్టడాలకు వాడుతున్నారు. పాలరాతి లాంటి ఆ పలకలు, మీద అంతంత శిల్పం, వాటిని బట్టీలో కాల్చి సున్నం చేసుకున్నారు. 1845లో ఎలియట్ తవ్వించి మద్రాసు పంపాడు. అక్కడినుంచి చాలా పలకలు 1859లో లండన్ పోయాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. ఆ పలకల్లో ఆడవాళ్ళ కాళ్ళకు దొంతరగా కడియాలు, చేతులకు దొంతరగా గాజులు.

సున్నం కాల్చినవాళ్ళను చదివినప్పుడు మొదట కోపం వచ్చింది. బుద్ధి లేదా వీళ్ళకి అనుకున్నాను. తర్వాత వెన్నులో చల్లగా అయింది. వాళ్ళకు సున్నం కావాల్సి వచ్చింది. నాకు రూము అడ్వాన్సు కావాల్సి వచ్చింది.

చరిత్ర పుస్తకం తిరగేస్తే రాయి, మట్టి, కంచు, ఇటుక, మళ్ళీ రాయి. గుడ్డ ఎక్కడుంది? సైబీరియాలో 40 వేల ఏళ్ళ పైబడిన, కన్నం ఉన్న ఎముక సూదులు దొరికాయి. అంటే కుట్టుపని గుహ బొమ్మలంత పాతది. కానీ గుడ్డ కుళ్ళిపోతుంది, చెదలు తింటాయి. మొహెంజొదారోలో ఒక వెండి పాత్రకు అతుక్కుని ఉండడం వల్ల ఎర్ర రంగు అద్దిన నూలు గుడ్డ పీలిక మిగిలింది. అక్కడే దొరికిన, పురోహిత రాజు అని పిలిచే బొమ్మ ఒంటిమీద మూడాకుల పువ్వుల శాలువ చెక్కి ఉంది. ఆ పువ్వుల్లో ఎర్ర రంగు నింపారు. చెక్కినవాడికి ఎదురుగా నిజం శాలువ ఉండే ఉంటుంది కదా. దాన్ని నేసిన, కుట్టిన చెయ్యి ఏ పుస్తకంలోనూ లేదు. ఆడవాళ్ళ కళ మెత్తటి వాటి మీద సాగింది. మెత్తటివి మిగల్లేదు. మిగిలిన గట్టివాటినే కళ అని పాఠం చెప్పుకున్నాం.

దాదీ 2019 చలికాలంలో పోయింది. నాకు గ్రూప్-2 రాలేదు. ఇప్పుడు వేరే చిన్న ఉద్యోగం చేస్తున్నా, అది వేరే కథ.

కుప్పగల్లు చూసిన మరుసటి రోజు హంపి పోయాం. అక్కడ బజారులో ఒక కొట్టు ముందర మన పేటియాల ముక్కలు కోసి కుట్టిన సంచులు వేలాడుతున్నాయి. పాత కుట్టు, పాత అద్దాలు, కొత్త జిప్పు. నేను ఒక్కొక్క సంచీ లోపల తిరగేసి చూశాను. మా దాదీ పేటియా నడుము పట్టీకి లోపల తాత నీలం గీతల చొక్కా ముక్క వేసి కుట్టింది. అది కనపడుతుందేమోనని. కొట్టు అతను "ఏం కావాలి సార్" అన్నాడు. ఏం చెప్పేది? కనపడలేదు. కనపడి ఉంటే ఎంత చెప్పినా కొనేవాడిని అని మీతో గొప్పలు చెప్పుకోవచ్చు. జేబులో బస్సు చార్జీలు తీసేస్తే 700 ఉన్నాయి. సంచీ ధర అడిగే ధైర్యం కూడా చేయలేదు.

బళ్ళారి జిల్లా సండూరులో మన లంబాణీ ఆడవాళ్ళు కుట్టుపని చేసుకుని బతుకుతున్నారు. సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ పని గురించి రాసినవాళ్ళు 14 రకాల కుట్లు లెక్కపెట్టారు. కీలన్, వేలే, బఖియా, మాకీ, రేలో, నాక్రా, ఇట్లా. ఆ పేర్లు ఫోన్‌లో రాసుకుని ఇంటికొచ్చి యాడీని అడిగాను. ఆమె మూడు పేర్లకు తల ఊపింది. మిగతావి విని నవ్వింది. "పేర్లు నాకేం తెలుసురా, గుడ్డ ఇస్తే చెయ్యి చెప్తుంది" అంది.

ఇంట్లో మిగిలింది ఒకటే. బిందె ఎత్తుకునేటప్పుడు తలమీద పెట్టే చుట్టకుదురు, దాని వెనక వేలాడే చిన్న గవ్వల గుడ్డ. బైకాయన దాన్ని చిన్నదని వదిలేశాడు. దాదీ చిన్నప్పుడు వాళ్ళ అమ్మ కుట్టిచ్చిందట. సముద్రం ఎప్పుడూ చూడని మనుషుల నెత్తిన సముద్రపు గవ్వలు. మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చి డబ్బుగా చెల్లిన గవ్వలు, డబ్బుగా చెల్లకుండా పోయాక మనవాళ్ళ గుడ్డ మీద మిగిలాయి. మొన్న దసరాకి యాడీ కళ్ళజోడు పెట్టుకుని దాన్ని ముందు పెట్టుకుని, పక్కన కొత్త గుడ్డ మీద అదే కుట్టు ఎత్తింది. నేను వీడియో తీశాను. మా చెల్లి కూతురు పక్కన కూర్చుని ఒక వరుస కుట్టింది, వంకరగా. యాడీ విప్పలేదు. ఉండనీ అంది.

ఇక నా మనవి. తాండాల్లో, గూడేల్లో పాతవి అమ్మొద్దని చెప్పే అర్హత నాకు లేదు. కడుపు కాలితే అమ్ముతాం, అమ్మాలి కూడా. ఎవరి అమ్మనూ తిట్టొద్దు. కానీ అమ్మే ముందు పావుగంట ఆగండి. వెలుతురులో పరిచి ముందు, వెనక ఫోటో తీయండి. కుట్టింది ఎవరు, ఏ తాండా, ఏ పెళ్ళికి, లోపల ఎవరి చొక్కా ముక్క వేశారు, రాసిపెట్టండి. కట్టుకున్న మనిషి ఉంటే ఒకసారి కట్టుకుని నడవమని అడిగి ఆ చప్పుడు రికార్డు చేయండి. సవర తమ్ముళ్ళు గోడ బొమ్మలకు, ఎరుకల చెల్లెళ్ళు ఈత బుట్టలకు, అవ్వల పచ్చబొట్లకు ఇదే చేయండి. ఐరోపాలో 1991లో మంచులో దొరికిన 5,300 ఏళ్ళ నాటి మనిషి ఒంటిమీద 61 పచ్చబొట్లని లెక్కపెట్టి రాసుకున్నారు. మా దాదీ చేతిమీద ఎన్నో నేను లెక్కపెట్టలేదు.

ఆ ఫోటో పెట్టిన తమ్ముడికి ఒక్క మాట. ఎడమ పక్క బొమ్మ వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. కుడి పక్క ముసలమ్మ ఎవరు? ఏ తాండా? పేరేంటి? ఆ గాజులు ఎవరు చేసిచ్చారు? అది నీకు తెలిస్తే కామెంట్లో పెట్టు. 4,500 ఏళ్ళ కిందటి పిల్ల పేరు మనకు ఎలాగూ తెలియదు. ఈమె పేరు కూడా తెలియకుండా పోవద్దు.

జై సేవాలాల్.